గచ్చు సందుల్లోని గడ్డికి పొలం మందు ఎందుకు?



ఈసారి షుగరు గురించో, బీపీ గురించో కాకుండా గడ్డి గురించి రాస్తున్నాను. నర్సమ్మకు గడ్డితో పనేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. కాని రెండు మూడు వానలు పడగానే మన వాకిళ్లలో షాబాదు బండల మధ్య, కాంపౌండు గోడ అంచున, మోరీ పక్కన, ఇంటర్‌లాకింగ్ టైల్స్ సందుల్లో లేచే ఆ కలుపుకూ ఆసుపత్రి క్యాజువాలిటీకీ సంబంధం ఉన్నది. ఆ సంబంధం గడ్డి వల్ల వచ్చినది కాదు, గడ్డిని చంపటానికి ఇంట్లోకి తెచ్చే డబ్బా వల్ల వచ్చినది.

వెనుకటి రోజుల్లో మట్టి వాకిలి ఉండేది. తెల్లవారకముందే ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసేవారు. రోజూ చీపురు తగిలే చోట గడ్డి మొలిచినా నాలుగు ఆకులు వేసేది కాదు. ఇప్పుడు జగిత్యాల, కోరుట్ల వైపు ఏ ఊరికి వెళ్లినా దుబాయి, మస్కట్ పైసలతో కట్టిన ఇండ్లు కనబడతాయి. వాకిలంతా టైల్స్. కొడుకు గల్ఫులో, కోడలు పిల్లల చదువుల కోసం పట్నంలో, ఇంట్లో మోకాళ్ల నొప్పులతో ముసలి తల్లిదండ్రులు. వంగి గడ్డి పీకే శక్తి వారికి లేదు. అందుకని పొలాలకు మందు కొట్టి వచ్చే మనిషిని పిలిచి, "పంపుల మిగిలింది మా వాకిట్ల గూడ కొట్టిపో బిడ్డా" అంటారు. అతడు ఐదు నిమిషాల్లో కొట్టి పోతాడు. మళ్లీ అవసరం పడుతుందని కొంచెం మందు ఒక సీసాలో పోయించుకొని వంటింటి కిటికీలోనో, బాత్రూములో ఫినాయిలు పక్కనో పెట్టుకుంటారు. ఆ సీసా నిన్నటిదాకా కూల్‌డ్రింకుది.

సిరిసిల్లలో గుంట పొలం లేని ఇండ్లలో కూడా ఇటువంటి సీసా ఉంటుంది. సాంచాల షెడ్డు చుట్టూ గడ్డి పెరిగిందని తెలిసిన రైతు దగ్గర అడిగి తెచ్చుకున్నది. దానికి పేరు లేదు, లేబుల్ లేదు, ఎంత నీటిలో ఎంత కలపాలో తెలియదు. అదే గచ్చు మీద మధ్యాహ్నం ఆడవారు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతూ కూర్చుంటారు. పసిపిల్లలు అక్కడే పాకుతారు, కింద పడ్డ అటుకులు ఏరుకొని తింటారు.

"గడ్డి మందే గద సిస్టరమ్మా, గడ్డి సస్తది గని మనిషికేమైతది?" అని అడిగినవారు ఎందరో. ఈ ఒక్క మాటకు జవాబు చెప్పటానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

కలుపు మందులన్నీ ఒక్కటి కావు. మన ప్రాంతంలో ఎక్కువగా వినబడే పేర్లు పారాక్వాట్, గ్లైఫోసేట్, టూ ఫోర్ డి. వీటిలో పారాక్వాట్ సంగతి వేరు. దీనికి విరుగుడు మందు లేదు. పురుగుల మందు తాగినవారికి ఇచ్చే అట్రోపిన్ దీనికి పనిచేయదు. లోపలికి కొద్దిగా పోయినా మొదట నోరు, నాలుక, గొంతు పుండ్లు పడతాయి. రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. ఆ తరువాత ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోతాయి. మామూలుగా ఆయాసం వచ్చిన రోగికి వెంటనే ఆక్సిజన్ పెడతాము. ఈ మందు విషయంలో ఆక్సిజన్ కూడా ఊపిరితిత్తుల నష్టాన్ని పెంచగలదు, కాబట్టి ఎప్పుడు ఎంత ఇవ్వాలో డాక్టరు ఆలోచించి నిర్ణయించవలసి ఉంటుంది. నర్సింగు ఉద్యోగంలో నేను చూసిన కష్టాలలో ఇది ఒకటి. రోగికి చాలా రోజుల వరకు పూర్తి తెలివి ఉంటుంది. మాట్లాడతాడు. ఇంటికి పోతానంటాడు. కోపంలో చేసిన పనికి ఏడుస్తాడు, బతికించమంటాడు. పక్కన కూర్చున్న తల్లికి ఏమి చెప్పాలో మా సిస్టర్లకు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

వార్డులో చాలామంది వద్ద విన్నది ఏమిటంటే, వారెవరూ చావాలని నెలల తరబడి ఆలోచించినవారు కారు. ఇంట్లో ఒక మాట పట్టింపు, పరీక్ష తప్పటం, అప్పులవాడు వాకిట్లో నిలబడటం, తాగి వచ్చిన భర్తతో గొడవ. ఆ పది నిమిషాలలో చేతికి అందినది తీసుకున్నారు. ఆ పది నిమిషాలలో చేతికి ఏదీ అందకపోతే చాలామంది ఈనాడు మన మధ్య ఉండేవారు. ఇది నా ఊహ కాదు. మన పొరుగున శ్రీలంకలో 1990 దశకం నుండి అతి విషపూరితమైన వ్యవసాయ మందులను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ వచ్చారు. పారాక్వాట్‌ను కూడా 2008 నుండి దశలవారీగా తీసివేశారు. 1995తో పోలిస్తే అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. పంటలేమీ పోలేదు. స్విట్జర్లాండ్ ఈ మందును 1989లోనే వద్దన్నది. యూరోపియన్ యూనియన్‌లో 2007లో దీని అనుమతి పోయింది. మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది. ఒడిశాలో బుర్లా వైద్య కళాశాల డాక్టర్లు 2019లో దీన్ని నిషేధించాలని ఆందోళనకే దిగారు. రోజూ ఆ రోగుల మంచాల పక్కన నిలబడినవారు వారు.

పొలంలో రైతు ఏ మందు వాడాలి అన్నది పెద్ద చర్చ. దానిలోకి నేను పోవటం లేదు. కూలీలు దొరకని కష్టం, కూలి రేట్ల కష్టం నాకు తెలుసు. నేను అడిగేది చిన్న ప్రశ్న. బండల సందులో జానెడు గడ్డి కోసం, విరుగుడు లేని విషాన్ని పిల్లలు, ముసలివారు ఉండే ఇంట్లో ఎందుకు నిలువ చేయాలి? పైగా పారాక్వాట్ తగిలిన ఆకును మాత్రమే మాడుస్తుంది, వేరును చంపదు. గరిక, తుంగ కొద్ది రోజుల్లో మళ్లీ పచ్చగా లేస్తాయి. గడ్డి తిరిగి వస్తుంది, సీసా మాత్రం కిటికీలోనే ఉంటుంది.

ఇక గ్లైఫోసేట్. ఇది పారాక్వాట్ అంత ప్రమాదం కాదని దుకాణంలో చెబుతారు, అది నిజమే. కాని ప్రమాదం తక్కువ అంటే ప్రమాదం లేదని అర్థం కాదు. చిక్కటి మందు తాగినవారు ఐసీయూ దాకా వెళ్లటం, ప్రాణం పోవటం కూడా ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో పెట్టింది. అమెరికా పర్యావరణ సంస్థ అలా కాదన్నది. శాస్త్రజ్ఞులే తేల్చుకోలేని విషయాన్ని నేను తేల్చలేను. మన రాష్ట్ర ప్రభుత్వం 2018లో పత్తి గొడవ వచ్చినప్పుడు దీని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ, శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు దీనిని వాడరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. పంప్ వీపున వేసుకొని, లుంగీ ఎగ్గట్టి, చెప్పులు లేకుండా మన వాకిట్లో మందు కొట్టే తమ్ముడు పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ కాదు గదా!

మట్టిలో పడిన గ్లైఫోసేట్‌ను మట్టి పట్టి ఉంచుతుంది. గచ్చు మీద పడినదాన్ని ఏదీ పట్టి ఉంచదు. వాన పడితే మోరీలోకి, అక్కడి నుండి కాలువలోకి పోతుంది. సిరిసిల్ల మోరీల నీరు చివరకు పోయేది మానేరుకే. అదే మానేరు కింద మిడ్ మానేరు, ఇంకా కింద లోయర్ మానేరు జలాశయాలు నిండి మన బిందెల్లోకి నీరు వస్తున్నది.

ఇంకొక సంగతి, దీనిని ఎవరూ పట్టించుకోరు. బండల సందుల్లో, గోడ అంచున మొలిచేదంతా పనికిరాని కలుపు కాదు. వానలు పడగానే వచ్చే గంగవాయిలి కూర అక్కడే ఉంటుంది. మన అవ్వలు దాన్ని ఒడిలో కోసుకొని వచ్చి మామిడికాయ వేసి పప్పు వండుతారు. గలిజేరు ఆకు కూడా అంతే. గ్లైఫోసేట్ కొట్టిన మొక్క వెంటనే వాడిపోదు, వారం పది రోజుల దాకా పచ్చగానే కనబడవచ్చు. మీ వాకిట్లో నిన్న మందు కొట్టారని పక్కింటి అవ్వకు ఎవరు చెబుతారు? కోళ్లకు, మేకలకు ఎవరు చెబుతారు? (రక్తహీనతకు ఆకుకూరలు తినమని గర్భిణులకు రోజూ చెప్పేది మేమే. మందు కొట్టిన గోడ పక్కన కోసినవి తినవద్దని కూడా ఇక మీదట చెప్పాలేమో.)

మరి గడ్డిని అలాగే వదిలేయాలా? అన్నీ వదిలేయకూడదు. వయ్యారిభామను ఉంచకూడదు. దీనినే కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950 దశకంలో పూనాలో మొదట గుర్తించిన ఈ మొక్క ఇప్పుడు మన బస్టాండు వెనుక, స్కూలు గ్రౌండులో, సమాధుల తోటలో ఎక్కడ చూసినా ఉన్నది. ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దీని పుప్పొడి వల్ల కొందరికి ఆయాసం, తుమ్ములు, కండ్ల దురద వస్తాయి. దీనిని తాకటం వల్ల మెడ, కనురెప్పలు, మోచేతి మడతలలో దద్దుర్లు వచ్చి తోలు మందంగా మారుతుంది. ఏళ్ల తరబడి క్రీములు రాస్తూ తిరిగే ఆడకూలీలను, మున్సిపల్ సఫాయి కార్మికులను చూస్తున్నాము. వారికి గ్లవ్స్ ఇవ్వకుండా వయ్యారిభామ పీకించటం అన్యాయం అని నా అభిప్రాయం. దీనిని తెల్లపూలు రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి గ్లవ్స్ లేక కనీసం ప్లాస్టిక్ కవర్లు కట్టుకొని, నిండు చేతుల చొక్కా వేసుకొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని వేరుతో సహా తీయాలి. ఆ తరువాత సబ్బుతో చేతులు, ముఖం కడుక్కొని బట్టలు విడిగా ఉతకాలి. ఇదివరకే ఉబ్బసం ఉన్నవారు ఈ పని వేరేవారికి అప్పగించటం మంచిది.

గోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలను కూడా చిన్నగా ఉన్నప్పుడే తీయాలి. అది ఆరోగ్యం కోసం కాదు, గోడ కోసం.

మిగిలిన గడ్డికి బండల సందుల్లో ఉపయోగపడేవి మూడే. చేయి, వేడినీళ్లు, ఇసుక.

వాన పడిన మరునాడు పొద్దున గడ్డి వేరు సులభంగా వస్తుంది. కుర్పీ సందులో పట్టకపోతే పాత స్క్రూడ్రైవర్ గాని, ఒక చివర గుడ్డ చుట్టిన విరిగిన హాక్సా బ్లేడు గాని చాలు. వంగలేని పెద్దవారు చిన్న పీట వేసుకొని రోజుకు రెండు గజాలు చేసినా సరిపోతుంది. కాని చేయి పెట్టేముందు కర్రతో తట్టండి. బండల కింద, దుబ్బుగా పెరిగిన గడ్డిలో తేళ్లు, పాములు ఉంటాయి. మన ప్రాంతంలో కట్లపాము, రక్తపింజర రెండూ ఉన్నాయి. తుప్పు పట్టిన ఇనుము గీసుకుంటే సబ్బునీటితో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

మరిగే నీళ్లు పోస్తే లేత గడ్డి ఆ రోజే వాలిపోతుంది. వేరు లోతుగా ఉన్న తుంగకు, గరికకు వారం వారం రెండు మూడుసార్లు పోయాలి. విషం లేదు, ఖర్చు లేదు. అయినా దీనికీ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను నర్సును కాను. పెద్ద గిన్నెను చీర కొంగుతో పట్టుకొని వాకిట్లోకి నడవవద్దు. మూతి ఉన్న కెటిల్లో కొంచెం కొంచెం తీసుకెళ్లండి, పిల్లలు స్కూలుకు పోయిన తరువాతనే చేయండి, కాళ్లకు బూట్లు వేసుకోండి. పొరపాటున కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏదీ రాయవద్దు.

గడ్డి తీసిన సందును అలాగే వదిలితే దుమ్ము చేరి మళ్లీ మొలుస్తుంది. షాబాదు బండలైతే సందులు కడిగి, ఆరనిచ్చి, ఇసుక సిమెంటు పూయించండి. ఇంటర్‌లాకింగ్ టైల్స్ అయితే వాననీరు ఇంకటానికి సందు ఉండాలి కాబట్టి ఇసుక గాని, క్రషర్ పౌడరు గాని గట్టిగా నింపితే చాలు. తడి సిమెంటును ఒట్టి చేతులతో తాకితే తోలు కాలుతుంది, అక్కడ కూడా గ్లవ్స్ మరువవద్దు.

మందు వద్దన్నానని కొందరు చేసే ఇతర ప్రయోగాలు ఇంకా ప్రమాదం. బాత్రూము యాసిడ్ పోసి, అది చాలలేదని పైన బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. కిరోసిన్, బండి నుండి తీసిన పాత ఆయిలు పోస్తే నిప్పు భయం, బావి నీరు పాడు. దొడ్డుప్పు పోస్తే గడ్డితో పాటు పక్కన జామచెట్టు కూడా ఎండుతుంది, గేటు అడుగున ఇనుము తింటుంది.

నా మట్టుకు నేను ఇంకొక మాట కూడా అంటాను. బండల మధ్య నాలుగు గరిక పోచలు ఉంటే ఇంటి పరువు పోదు. చుట్టాలు వస్తున్నారని, ఫంక్షన్ ఉన్నదని సిమెంటు గచ్చు మీద ఒక్క పచ్చ ఆకు కూడా కనబడకూడదనే పట్టుదల ఈ మధ్యనే వచ్చింది. ఆ పట్టుదల వల్లనే మందు సీసా పొలం దాటి వాకిట్లోకి వచ్చింది.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు ముందు సమాధుల తోటను, క్రిస్మసుకు ముందు గుడి ఆవరణను శుభ్రం చేయించటం మన ఆనవాయితీ. కొన్నిచోట్ల ఆ పనిని ఇప్పుడు పంపుతో చేయిస్తున్నారు. చీకటితో పిల్లలు, వృద్ధులు చెప్పులు విప్పి ఆ గడ్డి మీదనే నడుస్తారు, సమాధుల మీద చేతులతో పూలు పరుస్తారు. మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని గురుగుల ఉపమానం మీద ప్రసంగాలు విన్నాము. కలుపును తొలగించే తొందరలో మంచి పైరుకు హాని జరగకూడదన్న జాగ్రత్త అందులో ఉన్నది. యౌవనస్థుల సంఘం ఒక శనివారం కుర్పీలు, గ్లవ్స్‌తో వస్తే రెండు గంటల పని. స్త్రీల మైత్రి వారు చాయ్ పెడతారు.

ఇప్పటికే మీ ఇంట్లో అటువంటి సీసా ఉంటే ఈ రోజే చూడండి. మోరీలో పారబోయవద్దు, ఇంకొకరికి దానం చేయవద్దు. అసలు డబ్బాతో సహా పొలం ఉన్నవారిదైతే ఇంటి బయట తాళం వేసిన పెట్టెలో, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండేటట్లు పెట్టండి. లేబుల్ లేని సీసా అయితే పైన పెద్ద అక్షరాలతో 'విషం' అని రాసి, పిల్లలకు అందకుండా తాళంలో పెట్టి, ఎలా వదిలించుకోవాలో మండల వ్యవసాయ అధికారిని అడగండి. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం జగిత్యాల పక్కనే ఉన్నది, కలుపు గురించి వారిని అడిగితే చెబుతారు. డబ్బా మీద త్రికోణం ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చ త్రికోణం ఉన్నది కూడా తాళంలోనే ఉండాలి.

ఎవరైనా పొరపాటుగా గాని, కోపంలో గాని తాగితే ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాగించి కక్కించవద్దు. మందు పడిన బట్టలు తీసివేసి, ఒళ్లు సబ్బుతో కడగండి. కండ్లలో పడితే 15 నిమిషాలు శుభ్రమైన నీటితో కడగండి. 108కు ఫోను చేయండి. నోరు మండటం తప్ప ఏమీ లేదు, బాగానే మాట్లాడుతున్నాడు అని ఇంట్లో ఉంచుకోవద్దు, ఊరి ఆర్ఎంపీ దగ్గర సెలైను ఎక్కించుకుంటూ కూర్చోవద్దు. పారాక్వాట్ విషయంలో మొదటి గంటలే ముఖ్యం. డబ్బా గాని, సీసా గాని వెంట తీసుకురండి, ఏ మందో తెలిస్తేనే వైద్యం సరిగా మొదలవుతుంది. తెచ్చినవారిని తిట్టకుండా చూసుకునే బాధ్యత మా సిస్టర్లది.

ఇంట్లో ఎవరైనా బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడుతుంటే తేలికగా తీసుకోవద్దు. టెలీ మానస్ వారి నంబరు 14416. పగలైనా రాత్రైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరును ఓపీ గోడ మీద, ప్రసూతి వార్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాము. మీ గుడి నోటీసు బోర్డు మీద కూడా రాయించండి.